న్యూటౌన్ రీడింగ్ రూమ్ రివ్యూ: పరీక్ష వాయిదా పడ్తది, సీటు మాత్రం ఉంటది

మహబూబ్‌నగర్‌ల ఏ రీడింగ్ రూమ్ మంచిగుంటది అని చదువుకునేటోళ్లు గ్రూపులల్ల అడుగుతనే ఉంటరు, ఎవలో ఒకలు "సూపర్ ఉంది బ్రో" అని రాసి పోతరు, ఆ ఒక్క ముక్కతోని ఏం తెలుస్తది చెప్పండ్రి. అందుకే జర పొడుగ్గనే రాస్తున్న, ఓపిక ఉంటే చదవండ్రి, లేకుంటే కిందికి పోయి ఫీజు ముచ్చట చూసుకోండ్రి. ఇది న్యూటౌన్‌ల ఉంటది, కింద జిరాక్స్ షాపు, పైన రెండంతస్తులు రీడింగ్ రూమ్, రెండూ ఒక్క ఓనర్ అన్నవే. పేరు రాస్తలేను, అన్నను అడిగితే "బోర్డు మీద ఉన్నది చాలదా తమ్మీ, నెట్టుల ఎందుకు, ఉన్నోళ్లకే కుర్చీలు సరిపోతలేవు" అన్నడు. పొద్దుగాల ఆరు గంటలకే జిరాక్స్ షాపు ముంగట బండ్లు లైన్‌ల ఆగి ఉంటయి, అదే గుర్తు. నా తరఫున అయిదుకు నాలుగు స్టార్లు. ఒక్క స్టార్ ఎందుకు కట్ చేసిన్నో కూడా చెప్త.

ముందు మామూలు సంగతులు. సీట్లు అరవై దాకా ఉంటయి, ప్లైవుడ్ కొట్టిన క్యాబిన్లు, ఒక్కొక్కదానికి ఒక లైటు, ఒక చార్జింగ్ పాయింట్, కుర్చీ మెత్త వేసిందే గానీ కొన్నిటి మెత్త సగం పోయింది, వచ్చిన రోజే చూసుకొని మంచిది పట్టుకోవాలె. మొదటి అంతస్తు రిజర్వ్‌డ్, అంటే మీ సీటు మీదే, పుస్తకాలు అక్కడనే పెట్టి పోవచ్చు, పైఅంతస్తు ఎవలు ముందొస్తే వాళ్లది. ఫుల్ డే రిజర్వ్‌డ్‌కు నెలకు 800, పైన 600, సాయంత్రం హాఫ్ డే 400. లాకర్‌కు ఇంకో వంద. అడ్వాన్స్ లేదు, డిపాజిట్ లేదు, "ఆర్నెల్లది ఒక్కసారి కడితే ఇంత తగ్గిస్త" అనే ఆఫర్ కూడా లేదు. కొత్తగ వచ్చినోళ్లు కొందరు అడుగుతరు అన్నా సంవత్సరం ప్యాకేజీ లేదా అని, ఆయన నవ్వి ఊకుంటడు, ఎందుకో కింద రాస్త. పేపర్లు ఈనాడు, సాక్షి, నమస్తే తెలంగాణ, ఇంగ్లిష్ హిందూ వస్తయి, గానీ పదకొండు దాటినంక హిందూల మధ్య పేజీ దొరికితే మీ అదృష్టం, ఎవలో మడిచి క్యాబిన్‌ల పెట్టుకుంటరు, ఎన్నిసార్లు చెప్పినా ఇంతే. వైఫై ఉంది, వీడియోలు మాత్రం బ్లాక్. తాగే నీళ్లు డబ్బాలు, ఎండకాలంల మధ్యాహ్నం వరకే ఒడుస్తయి, కింద చెప్తే ఇంకోటి ఎక్కిస్తరు.

కట్ చేసిన స్టార్ సంగతి. వెనక గల్లీల ఫంక్షన్ హాల్ ఉంది, లగ్గాల సీజన్‌ల డీజే మొదలైతే చెవులల్ల దూది పెట్టుకున్నా పని చెయ్యది, కిటికీ అద్దాలు గజగజ వణుకుతయి, ఆ రోజు ఎకానమీ చదివినా పాలిటీ చదివినా ఒక్కటే. ఏప్రిల్, మే నెలలు పైఅంతస్తు రేకుల కింద కూసున్నట్టే ఉంటది, ఏసీ లేదు, కూలర్లు రెండు పెట్టిండు గానీ వాటి సప్పుడు ఫంక్షన్ హాల్‌కు తమ్ముడు. బాత్రూమ్‌లు మగోళ్లకు ఒక్కటే, పొద్దున ఎనిమిదికి అక్కడ క్యూ చూడాలె. ఆడపిల్లలకు మొదటి అంతస్తుల వేరే వరుస, వేరే బాత్రూమ్, దాని గొళ్లెం చానా రోజులు సరిగ్గ పడకపోతుండె, ఇప్పుడు బాగు చేయించిన్రు. వానకాలం గోడ పక్క సీట్లు వద్దు, చెమ్మ ఎక్కి పుస్తకాలు ఉబ్బుతయి.

ఇంతవరకు చదివితే మామూలు రీడింగ్ రూమే గదా, ఇసుంటివి ఊర్ల గల్లీకొకటి ఉన్నయి అనిపిస్తది. నిజమే. కుర్చీ, ఫ్యాన్, లైటు ఎక్కడైనా దొరుకుతయి. ఈ రూమ్ అసలు పనితనం ఎప్పుడు తెలుస్తదంటే పరీక్ష వాయిదా పడ్డప్పుడు.

గ్రూప్ 2 అంటే మన పబ్లిక్ సర్వీస్ కమిషన్ పెట్టే సర్కారు కొలువుల పరీక్ష. దాని కథ తెలిసినోళ్లకు చెప్పే పని లేదు, కొత్తగ మొదలుపెట్టిన తమ్ముళ్ల కోసం చెప్తున్న. నోటిఫికేషన్ వచ్చింది 2022 డిసెంబర్ ఆఖరికి, 783 పోస్టులు. పరీక్ష 2023 ఆగస్ట్ 29, 30 అన్నరు. అదే నెలల గురుకులం టీచర్ పోస్టుల పరీక్షలు ఉన్నయి, రెండూ ఎట్ల రాస్తం అని లొల్లి అయ్యి నవంబర్ 2, 3 కు జరిపిన్రు. నవంబర్ 30న అసెంబ్లీ ఎలక్షన్లు వచ్చినయి, మల్ల 2024 జనవరి 6, 7 అన్నరు. కొత్త ప్రభుత్వం వచ్చింది, జనవరి కూడా పోయింది, ఆగస్ట్ 7, 8 అన్నరు. ఆగస్ట్ 5 దాకా డీఎస్సీ, అంటే సర్కారు బడి టీచర్ల పరీక్షలు, నడుమల ఒక్క రోజు, మల్ల ధర్నాలు, మల్ల వాయిదా. చివరికి 2024 డిసెంబర్ 15, 16 న నాలుగు పేపర్లు అయినయి. అప్లై చేసింది అయిదున్నర లక్షల మంది, రాసింది అండ్ల సగం కూడా లేరు. సెలెక్షన్ లిస్టు వచ్చేసరికి 2025 సెప్టెంబర్. డిగ్రీ ఫైనలియర్‌ల ఉండి ప్లాన్ గీసుకున్న పిల్లగాడు లిస్టు వచ్చేనాటికి ఎక్కడుంటడో ఎవడు చెప్తడు.

మొదటి అంతస్తుల కిటికీ పక్క మూల సీటు ఒకటుంది, ఎప్పుడన్నా పోతే చూడండ్రి. ఆ క్యాబిన్ ప్లైవుడ్ మీద లోపలి దిక్కు, లైటు కింద, పెన్నుతోని "ఆగస్ట్ 29" అని ఉంటది, దాన్ని అడ్డంగ కొట్టేసి కింద "నవంబర్ 2", అది కొట్టేసి "జనవరి 6", అది కూడా కొట్టేసి "ఆగస్ట్ 7", ఆఖరికి "డిసెంబర్ 15". ఒక్కొక్కటి ఒక్కో రంగు ఇంకు. మొదటి రెండు నీటుగ స్కేలు పెట్టి కొట్టేసినయి, మూడోది కసిగ నాలుగైదు గీతలు గీసి చెక్క లేసేటట్టు, నాలుగోది ఊరికె చిన్న గీత, ఇగ ఓపిక లేనట్టు. డిసెంబర్ 15 పక్కన ప్రశ్న గుర్తు ఉంటది. రాసింది ఒక్కలా నలుగురా తెల్వది, చేతిరాత మాత్రం రెండు రకాలు ఉంది. మొన్న రంగులేసినప్పుడు పెయింటర్ తాత దాన్ని కూడా బ్రష్‌తోని మూసేయ్యబోతే పోరగాళ్లే ఆపిన్రు.

ఇప్పుడు ఓనర్ అన్న చేసేది చెప్త. వాయిదా అని తెలిసిన రోజు వేరే చోట్ల ఏమైతదంటే, పిల్లలు సగం మంది ఖాళీ చేస్తరు, కట్టిన పైసలు పోతయి, మల్ల వచ్చినప్పుడు కొత్తగ కట్టాలె. నేను హైదరాబాద్‌ల కొన్నాళ్లు ఒక కోచింగ్‌ల ఉన్న, పేరెందుకు గానీ, సంవత్సరం ఫీజు ముందే కట్టిచ్చుకున్నరు, పరీక్ష వెనక్కి జరిగినంక "మీ బ్యాచ్ అయిపోయింది, రివిజన్ బ్యాచ్‌కు వేరే ఫీజు" అన్నరు, తేదీ మారితే మాకేం సంబంధం అన్నట్టు. ఇక్కడ అట్ల కాదు, "హోల్డ్" అనేది ఉంది. ఒక పొడుగు నోట్‌బుక్, ఎర్ర అట్టది, అండ్ల మీ పేరు, సీటు నంబరు, పోయే తారీఖు, నెలల ఇంకా ఎన్ని రోజులు మిగిలినయో రాసి మీతోని సంతకం పెట్టిచ్చుకుంటడు. మల్ల వచ్చిననాడు ఆ మిగిలిన రోజుల నుంచి లెక్క మొదలు. సీటు అదే ఇస్తడని గ్యారంటీ లేదు, ఆ నడుమ ఇంకొకలు కూసుంటే వాళ్లను లేపడు, రోజులు మాత్రం పోవు. 2024 జులైల వాయిదా పడ్డప్పుడు సరిగ్గ నాట్ల టైం, దేవరకద్ర దిక్కోళ్లు, కోయిలకొండ దిక్కోళ్లు, మక్తల్ దిక్కోళ్లు ఒక్కొక్కలే నోట్‌బుక్‌ల సంతకం పెట్టి ఊరికి పోయిన్రు, మా అమ్మ కూడా ఫోన్ చేసి "పరీచ్చ ఏడికి పోదు గనీ నారు ముదురుతున్నది, జల్ది రా" అన్నది. పోయిన, నాట్లేసిన, వినాయక చవితి అయినంక వచ్చి మిగిలిన రోజులు వాడుకున్న. ఎవలూ ఒక్క మాట అడగలే.

సంవత్సరం ప్యాకేజీ ఎందుకు లేదంటే కూడా ఇదే. ఒకసారి చాయ్ తాగుకుంట అడిగితే "సంవత్సరానిది తీసుకుంటే నీకు ఈ సంవత్సరం పరీక్ష అయితదని నేను మాట ఇచ్చినట్టే గదా, నేనెవల్ని మాట ఇయ్యనీకె, నెలది కట్టు, నెల చదువు" అన్నడు. వ్యాపారం తెలిసినోడు ఇట్ల మాట్లాడడు. కానీ చూస్తే ఈయన రూమ్ ఎన్నడు ఖాళీ లేదు, ఇంకో గల్లీల ఏసీ పెట్టి ర్యాంకర్ల ఫ్లెక్సీలు కట్టినోడు మూసుకున్నడు.

ఇంకో సంగతి తెల్ల బోర్డు. మెట్లు ఎక్కంగనే ఎదురుంగ ఉంటది. ఒకప్పుడు దాని మీద "గ్రూప్ 2 కు ఇంకా ఇన్ని రోజులు" అని రోజూ ఒక నంబర్ తగ్గిస్తుండె, అది చూస్తే కొందరికి జోష్ వస్తుండె, కొందరికి కడుపుల తిప్పుతుండె. రెండో వాయిదా పడ్డ పొద్దున గుడ్డతోని తుడిచేసిండు, మల్ల ఎన్నడు ఆ నంబర్ రాయలే. ఇప్పుడు దాని మీద ఏముంటదంటే, "రేపు పొద్దున 10 నుంచి 12 కరెంటు ఉండదు, లైన్ రిపేర్", "శనివారం ట్యాంక్ కడుగుతం, నీళ్లు పట్టి పెట్టుకోండ్రి", "జడ్చర్ల ఆఖరి బస్సు టైం మారింది", గిసుంటివి. తప్పకుండ జరిగేవి తప్ప ఇంకేం రాయడు. ఇన్వర్టర్ రెండు గంటలు మంచిగనే గుంజుతది, లైట్ల వరకే, ఫ్యాన్లకు కాదు.

అట్లనే వెబ్‌నోట్ రూల్, వెబ్‌నోట్ అంటే కమిషన్ తన సైట్ల పెట్టే అసలు నోటీసు. టెలిగ్రామ్ గ్రూపులల్ల మీకు తెలుసు గదా, "బ్రేకింగ్, గ్రూప్ 2 మల్లా వాయిదా, విశ్వసనీయ సమాచారం" అని ఎవడో పెడతడు, పాత వెబ్‌నోట్ మీద తేదీ మార్చి ఫొటో పెట్టేటోళ్లు కూడా ఉన్నరు, ఒకని ఫోన్ మోగితే వరుసగ అరవై క్యాబిన్లల్ల అరవై తలకాయలు లేస్తయి, ఇగ ఆ పూట చదువు ఖతం. దీనికి ఆయన పెట్టిన రూల్ ఏందంటే, ఏ వార్తయినా ఒరిజినల్ సైట్ల వెబ్‌నోట్ వస్తేనే కింద ప్రింట్ తీసి తలుపుకు అంటిస్తడు, తలుపు మీద లేదంటే అది జరగలేదన్నట్టే, అప్పటిదాక పైన దాని ముచ్చట తీస్తే కిందికి పంపిస్తడు. మాట్లాడుకోవద్దు అని కాదు, జిరాక్స్ మిషన్ పక్క బెంచీ ఉంది, అక్కడ కూసొని ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు. మొదట్ల ఇదేం స్కూల్ రూల్ అనుకున్నరు అందరు. అలవాటైనంక తెలిసింది, రోజుకు ఇరవైసార్లు గ్రూపు తెరిసి చూసేది బందై, బాత్రూమ్‌కు పోయేటప్పుడు తలుపు దిక్కు ఒక చూపు చూస్తే సరిపోతుండె.

2024 జులై లొల్లి మాత్రం రూమ్ లోపలే అయింది, అది కూడా రాయాలె, లేకుంటే అంతా పూలబాటే అనుకుంటరు. డీఎస్సీ నోటిఫికేషన్‌ల 11,062 పోస్టులు, బీఈడీ చేసినోళ్లకు అది ఎన్నో ఏండ్ల ఎదురుచూపు, జులై 18 నుంచి ఆగస్ట్ 5 దాక పరీక్షలు, రెండు రోజులకే గ్రూప్ 2. మా రూమ్‌ల సగం మంది రెండూ రాసేటోళ్లు, వాళ్లు వాయిదా కావాలన్నరు, న్యాయమే. ఇంకో సగం మంది గ్రూప్ 2 ఒక్కటే నమ్ముకున్నోళ్లు, అప్పు చేసి రూమ్ తీసుకున్నోళ్లు, "ఇంకెన్నిసార్లు, మా వయసు ఆగుతదా" అన్నరు, అదీ న్యాయమే. బెంచీ కాడ మాటకు మాట పెరిగింది, ఒక బీఈడీ అన్న, ఒక గ్రూప్స్ తమ్ముడు, రోజూ ఒక్క టిఫిన్ డబ్బాల తినేటోళ్లు, మొఖం మొఖం చూసుకోవుడు బంద్ పెట్టిన్రు. ఓనర్ అన్న ఎవల దిక్కు మాట్లాడలే. సాయంత్రం వెబ్‌నోట్ తలుపుకు అంటించిండు, పక్కన నోట్‌బుక్ పెట్టి "పోయేటోళ్లు సంతకం పెట్టండ్రి, ఉండేటోళ్లు రేపు ఆరుకే తెరుస్త" అన్నడు, గంతే. ఆ ఇద్దరు నాట్లయినంక వచ్చి మల్ల ఒక్క డబ్బాలనే తిన్నరు. బీఈడీ అన్నకు అక్టోబర్‌ల టీచర్ ఆర్డర్ వచ్చింది, ఇప్పుడు నారాయణపేట దిక్కు పని చేస్తున్నడు.

వాయిదా పడ్డప్పుడు కొత్తోళ్లకు తెల్వని నష్టం ఒకటుంది, దాని గురించి బెంచీ కాడ సీనియర్లు చెప్పింది ఇక్కడ రాస్తే ఎవలకన్నా పనికొస్తది. పరీక్ష వెనక్కి జరిగితే చదివింది పాతవడ్తది. అన్నీ కాదు, కొన్ని. పేపర్ 3 ఎకానమీ ఉంది గదా, సోషియో ఎకనామిక్ ఔట్‌లుక్ అని సర్కారు లెక్కల పుస్తకం ఏటేటా కొత్తది వస్తది, బడ్జెట్ మారుతది, రైతుబంధు అని బట్టీ పట్టినోళ్లు రైతు భరోసా అని మల్ల చదివిన్రు, ఆరోగ్యశ్రీ లిమిట్ పది లక్షలయింది, కరెంట్ అఫైర్స్ అయితే ఆరు నెలలకే వాసనొస్తది. నోట్స్‌ల టీఎస్ అని రాసుకున్నది అంతా టీజీ అయింది. పేపర్ 4 తెలంగాణ ఉద్యమం అట్ల కాదు. పెద్దమనుషుల ఒప్పందం 1956 ఫిబ్రవరి 20, 610 జీవో 1985 డిసెంబర్ 30, పరీక్ష తేదీ ఎన్నిసార్లు మారనియ్యి ఇవి మారవు. హిస్టరీ అంతే, పాలిటీ చానవరకు అంతే. అందుకే ఇక్కడ ముదుర్లు ఏం చేస్తరంటే, తేదీ గట్టిగ రానప్పుడు పేపర్ 4, హిస్టరీ, పాలిటీ పట్టుకుంటరు, తేదీ ఖాయమయ్యేదాక ఎకానమీ లెక్కల జోలికి, కరెంట్ అఫైర్స్ బుక్కుల జోలికి పోరు, పేపర్ మాత్రం రోజూ చదువుతరు. పాత కరెంట్ అఫైర్స్ మ్యాగజైన్లు ఎవలూ కొనరు, జిరాక్స్ షాపుల కిలో లెక్కన తూకానికి పోతయి, ఓనర్ అన్నకు అదొక సైడ్ బిజినెస్ అని మేం ఎక్కిరిస్తం.

నా పక్క వరుసల ఒక అక్క ఉంటది, జడ్చర్ల నుంచి వస్తది, ఇద్దరు పిల్లలు, వాళ్లను బడికి తోలి పొద్దున పదింటికి వచ్చి మూడింటికి పోతది. ఫ్రీ బస్సు వచ్చినంకనే రావుడు మొదలుపెట్టింది, ఆధార్ చూపిస్తే జీరో టికెట్, అంతకుముందు రానుపోను చార్జీలే రీడింగ్ రూమ్ ఫీజు కన్నా ఎక్కువయితుండె అని చెప్పింది. వయసు దాటిపోతున్నదని భయం ఉండె, 2024ల యూనిఫాం లేని పోస్టులకు 44 నుంచి 46 చేసిన్రు, ఆ రోజు బెంచీ కాడ అందరికి చాయ్ తాపింది. వాయిదాలు పడ్డప్పుడల్ల మేం మొఖాలు ఏలాడేసుకొని కూసుంటే ఆమె మాత్రం "నాకైతే మంచిదే అయింది, ఇంకా రెండు యూనిట్లు ఉండె" అని పుస్తకం తీస్తుండె. అందరికి అట్ల ఉండదు, ఆమెకు ఇంటికాడ ఆసరా ఉన్నది, కిరాయి కట్టే పని లేదు. ఒంటరిగ రూమ్ తీసుకొని ఉండే పిల్లలకు ఒక్కో నెల అంటే ఒక్కో అప్పు, వాళ్లకు ఓపిక పట్టు అని చెప్పుడు నాకు నచ్చదు. ఈ రూమ్ వాళ్లకు చేసేది ఏందంటే, అయిదో తారీఖు దాటినా ఫీజు అడగడు, పదిహేనుకు అడుగుతడు, అప్పుడు కూడా లేదంటే కింద షాపుల బైండింగ్ పని చూపిస్తడు, స్పైరల్ కొట్టుడు, ల్యామినేషన్, గంట రెండు గంటలు, దాని పైసలు ఫీజుల పట్టుకుంటడు. చానమంది అట్ల గడిపిన్రు.

తిండి సంగతి జల్ది చెప్త. పక్క గల్లీల మెస్ ఉంది, పప్పు, ఒక కూర, చారు, పెరుగు, మామూలే, ఆదివారం కోడికూర బాగుంటది. సాయంత్రం రోడ్డు మీద జొన్నరొట్టెలు చేసే అమ్మలు కూసుంటరు, రెండు రొట్టెలు, పచ్చి పులుసో పప్పో, పల్లీల పొడి, తక్కువల కడుపు నిండుతది, రాత్రి చదివేటప్పుడు నిద్ర కూడా రాదు, అన్నం తింటే వస్తది. చాయ్ మాత్రం కిందది వద్దు, చక్కెర పాకం.

ఆదివారం ఒంటిగంటకే మూసేస్తరు. అది కొందరికి కోపం, పరీక్ష దగ్గరున్నప్పుడు కూడా మూసుడేంది అని. ఆయన మాట ఏందంటే వారంల ఒక పూటన్నా బయట తిరగండ్రి. మేం నలుగురం బండ్లేసుకొని పిల్లలమర్రి దిక్కు పోతుంటిమి, ఊరికి నాలుగు కిలోమీటర్లే గదా. ఆ మర్రి ఏడు వందల ఏండ్లదంటరు, 2017 ఆఖరికి ఒక పెద్ద కొమ్మ కూలితే జనాలను రానియ్యకుండ గేటు మూసిన్రు, చెదలు పట్టిందని 2018ల సెలైన్ సీసాలు కట్టి చుక్క చుక్క మందెక్కించిన్రు, పేపర్లల్ల ఫొటోలు వచ్చినయి, చెట్టుకు సెలైన్ ఏంది అని అప్పుడు నవ్వినం. ఇప్పుడు మంచిగనే ఉన్నది, ఊడలకు సిమెంటు దిమ్మెలు ఆసరా పెట్టిన్రు. అక్కడ కూడా పోరగాళ్లు నోట్స్ తీస్తరు అనుకోండ్రి, రోగం ఏడికి పోతది.

పరీక్ష పొద్దున చేసిన ఒక పని చెప్పాలె. డిసెంబర్ 15న నాలుగున్నరకే షట్టర్ తీసిండు, హాల్ టికెట్ ప్రింట్లు ఫ్రీ, ఫొటో అంటించేటోళ్లకు గమ్ సీసా, నల్ల పెన్నులు ఒక డబ్బా, సెంటర్ ఎక్కడో తెల్వనోళ్లకు ఒక చిన్న కాగితం మీద మ్యాప్ గీసిచ్చిండు, ఒకని సెంటర్ ఊరవతల పడితే జిరాక్స్ షాపు పిల్లగాన్ని బండి మీద తోలిండు. మధ్యాహ్నం రెండో పేపర్‌కు నడుమ టైంల రూమ్ తెరిసే ఉంది, వచ్చి పండుకున్నోళ్లు పండుకున్నరు. బోర్డు మీద ఆ రోజు "గేటు 9.30 కు మూస్తరు" అని ఒక్క లైన్ రాసిండు, ఆల్ ద బెస్ట్ కూడా రాయలే.

నా సంగతి అడిగితే, లిస్టుల నా పేరు రాలే. ఇప్పుడు పగలు ఒక ఎరువుల దుకాణంల లెక్కలు రాస్త, సాయంత్రం హాఫ్ డే స్లాట్ తీసుకున్న, ఇంకో నోటిఫికేషన్ ఎప్పుడొస్తదో తెల్వది గానీ పేపర్ 4 మాత్రం నోటికొస్తది. మా రూమ్ నుంచి గ్రూప్ 4ల జూనియర్ అసిస్టెంట్లు అయినోళ్లు ఉన్నరు, డీఎస్సీ కొట్టినోళ్లు ఉన్నరు, అన్నీ వదిలేసి పూణె పోయి కంపెనీల చేరినోళ్లు ఉన్నరు, వాళ్ల పేర్లు కూడా ఎర్ర నోట్‌బుక్‌ల హోల్డ్ కిందనే ఉన్నయి, ఆయన కొట్టెయ్యలే. పూణె నుంచి ఒకడు దసరాకు వచ్చి "అన్నా నాయి ఇంకా తొమ్మిది రోజులు ఉన్నయి గదా" అని నవ్వులాటకు అడిగితే, ఓనర్ అన్న నిజంగనే నోట్‌బుక్ తెరిసి చూసి "తొమ్మిది కాదు, పదకొండు" అన్నడు. వాడు ఆ పదకొండుల ఒకటి వాడుకొని, పొద్దంతా పేపర్ చదువుకుంట కూసొని పోయిండు.

ఎవలు రావద్దు అంటే, ఏసీ లేకుంటే చదవలేనోళ్లు, పక్కన సార్ ఉండి డౌట్లు చెప్పాలనేటోళ్లు, ఇది కోచింగ్ కాదు. పైసలకు మరీ ఇబ్బంది ఉన్నోళ్లు గవర్నమెంటు లైబ్రరీ చూడండ్రి, ఫ్రీ, పుస్తకాలు కూడా ఎక్కువ, కాకపోతే పొద్దుగాలనే పోయి సీటు పట్టాలె. కోచింగ్ సెంటర్లు ఉండే హైదరాబాద్ అశోక్‌నగర్ పోదామా ఇక్కడుందామా అని ఊగేటోళ్లకు నేను చెప్పేది, తేదీ గట్టిగ వచ్చేదాక ఇక్కడుండండ్రి, చివరి రెండు మూడు నెలలకు టెస్టుల కోసం కావాలంటే పోండ్రి, అక్కడ హాస్టల్‌కు, మెస్‌కు ఒక నెల పెట్టేది ఇక్కడ మూడు నెలలకు వస్తది.

పోయేటప్పుడు ఆధార్ జిరాక్స్ ఒకటి, ఫొటో ఒకటి పట్టుకపోండ్రి, జిరాక్స్ కిందనే తీసుకుంటె రూపాయి. కిటికీ పక్క సీట్లు ఇప్పుడు ఖాళీ లేవు, లాకర్లు కూడా నిండినయంట, చెప్పి పెడితే నంబర్ రాసుకుంటరు. బండి మాత్రం ఫంక్షన్ హాల్ గేటు ముంగట పెట్టకండ్రి, లగ్గం ఉన్ననాడు గాలి తీసేస్తున్నరు.